కలిపేసి ముగించే కథలు

మన సంఘం వారి పాత చిత్రాల ప్రదర్శనకు ఈసారి ఏ సినిమా వెయ్యాలన్న మాట వచ్చినప్పుడు ఇద్దరు ముగ్గురు సభ్యులు "లేత మనసులు" అన్నారు. పిల్లలతో కలిసి కూర్చుని చూడదగ్గ చిత్రం, పాటలు బాగుంటాయి, కొట్లాటలు లేవు అని వారి వాదన. ఒక సభ్యురాలు మాత్రం అది వద్దన్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు. వారి అబ్బాయి బడి ఉన్నన్నాళ్ళూ వారి దగ్గరా, వేసవి సెలవులకు దేశానికి అటు చివర ఉన్న తండ్రి దగ్గరా ఉంటాడని మనలో చాలామందికి తెలుసు. మరో సినిమా పేరు వ్రాసుకుని లేచాం. తర్వాత తీరిక చేసుకుని ఆ సినిమా మళ్ళీ చూశాం. దానితోపాటు అలాటి కథలు మరికొన్ని వెతికి చూశాం, చదివాం. విడాకులైన తర్వాత ఒకరు ఇక్కడా ఒకరు అక్కడా ఉండి బిడ్డను పెంచుకుంటున్నవారు మన మధ్య ఉన్నారు. వారికి ఈ కథలు ఏమైనా అక్కరకు వస్తాయా అన్నదే మేము పెట్టుకున్న ప్రశ్న.

ముందు లేత మనసులు సంగతి. 1966లో ఏ.వి.ఎం. వారు తీసిన ఈ చిత్రానికి కృష్ణన్-పంజు దర్శకులు. హరనాథ్, జమున భార్యాభర్తలు. కవలపిల్లలిద్దరూ కుట్టి పద్మినే. అంతకు ముందు సంవత్సరం అదే కథ తమిళంలో "కుళందైయుం దైవముం"గా వచ్చింది; 1968లో హిందీకి వెళ్ళి "దో కలియా" అయింది. మూలం మాత్రం మన దేశానిది కాదు. జర్మన్ రచయిత ఎరిక్ కేస్ట్‌నర్ 1949లో పిల్లల కోసం వ్రాసిన చిన్న నవల అది. ఆ నవలనే డిస్నీ వారు 1961లో "ది పేరెంట్ ట్రాప్" అనే పేరుతో తీశారు, 1998లో మళ్ళీ తీశారు.

కేస్ట్‌నర్ నవలలో తండ్రి వియన్నాలో, తల్లి మ్యూనిక్‌లో. కవలల్లో చెరొకరిని చెరొకరు పంచుకున్నారు. తనకొక తోబుట్టువు ఉందన్న సంగతే ఆ పిల్లలకు తెలియనివ్వలేదు. వేసవి శిబిరంలో ఒకరికొకరు ఎదురుపడి, నిజం పసిగట్టి, ఇళ్ళు మార్చుకుంటారు. చివరికి తల్లిదండ్రులు మళ్ళీ పెళ్ళి చేసుకుంటారు. పిల్లల పుస్తకంలో విడాకుల గొడవ ఎందుకయ్యా అని అడిగే పెద్దవాళ్ళకు ఆ రచయిత కథ మధ్యలో ఆగి జవాబు చెప్పాడు. అది మాకు నచ్చింది. అంతకంటె నచ్చింది ఇళ్ళు మారిన తర్వాతి భాగం. వియన్నాలో తండ్రితో హోటల్లో భోంచేసే అలవాటున్న పిల్ల మ్యూనిక్‌లో తల్లి ఉద్యోగం నుంచి వచ్చేసరికి వంట చెయ్యాలి, ఆమెకు రాదు. మ్యూనిక్‌లో ఇల్లు దిద్దుకునే పిల్ల వియన్నాకు వెళ్ళి, ఇంటి పనిమనిషి ఖర్చుల లెక్కలో చేస్తున్న మోసాన్ని పట్టేస్తుంది. రెండు ఇళ్ళ మధ్య తిరిగే పిల్లలకు పెద్దలకు తెలియని విషయాలు ఎన్ని తెలుస్తాయో, వాటిని ఎక్కడ చెప్పాలో ఎక్కడ మింగాలో వాళ్ళెంత తూచి చూసుకుంటారో ఆ పుటల్లో ఉంది.

మన చిత్రానికి వచ్చేసరికి తగువుకు మూలం డబ్బున్న అత్తగారి అహంకారమైంది. (ఇక్కడ అత్తగారంటే అల్లుడికి అత్త.) ఆ అడ్డు తొలగితే ఇల్లు కుదుటపడుతుంది. భార్యాభర్తల మధ్య నిజంగా పొసగనిదంటూ ఏమీ లేదు. సినిమాకు అలాటి అడ్డు ఉంటే సులువు, కాదనం. జమున నటనకూ, ఆ చిన్నపిల్ల చలాకీతనానికీ వంక పెట్టడం లేదు. మా ఫిర్యాదు వేరే ఉంది. పెద్దలు చెయ్యలేకపోయిన పనిని ఈ కథ పిల్లల నెత్తిన పెడుతుంది. ఎత్తులు వెయ్యడం, అబద్ధాలాడటం, అమ్మ మనసు కరిగించడం, నాన్న అభిమానాన్ని దారికి తేవడం అంతా వాళ్ళ పని. పని నెగ్గుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. హాల్లో కూర్చున్న పిల్లల్లో ఒకరికి ఆ పని చేతకాలేదు అనుకోండి. ఆ పిల్ల ఏమనుకుంటుంది?

ఇది మా ఊహ కాదు. మా ఎరికలో ఒక ఎనిమిదేళ్ళ అమ్మాయి, తండ్రి తనను దించడానికి వచ్చిన ఆదివారం సాయంత్రం, అమ్మకు జ్వరంగా ఉందని చెప్పి ఆయన్ను ఆపడానికి చూసింది. ఆయన వాకిట్లోనే నిలబడి అడిగితే తల్లి జ్వరం లేదంది. ఆ తర్వాత చాలాకాలం ఆ పిల్ల తండ్రి వచ్చే రోజున అన్నం సరిగ్గా తినేది కాదట. ఆ అమ్మాయి లేత మనసులు చూసి ఉండదు. అయినా ఆ ఎత్తు ఆమెకు ఎక్కడి నుంచో అందింది.

కలిపేసి ముగించాలన్న తపన సినిమావాళ్ళకే ఉన్నదనుకుంటే పొరపాటు. ఎనిమిదో శతాబ్దపు భవభూతి ఉత్తరరామచరితం చూడండి. వాల్మీకి ఉత్తరకాండలో సీత భూమిలోకి వెళ్ళిపోతుంది. భవభూతి నాటకం చివర సీతారాములు కలుసుకుంటారు, కుశలవులు తల్లిదండ్రుల మధ్య నిలబడతారు. నాటకం మంగళాంతం కావాలన్నది అప్పటి మర్యాద. మర్యాద మాట ఎలా ఉన్నా, ప్రేక్షకుడికి కావలసిందీ అదే కాబోలు.

మన తెలుగువాళ్ళు ఈ విషయంలో వాల్మీకి పక్షమే నిలిచారు. 1963 నాటి "లవకుశ" అందరూ చూసిందే. సి.పుల్లయ్య, సి.ఎస్.రావు గార్ల దర్శకత్వం, ఘంటసాల సంగీతం, తెలుగులో పూర్తిగా రంగుల్లో వచ్చిన మొదటి చిత్రం. ఇవన్నీ చెప్పుకుంటాం గాని, తండ్రి లేకుండా ఇద్దరు మగపిల్లల్ని పెంచిన తల్లి కథగా దాన్ని చూడటం మనకు అలవాటు లేదు. ఆశ్రమంలో సీత లోకపావని అన్న పేరుతో ఉంటుంది. పిల్లలు రామకథను గురువు దగ్గర నేర్చి, ప్రాణం పెట్టి పాడతారు. ఆ రాముడు తమ తండ్రి అని వాళ్ళకు తెలియదు. వాల్మీకి రామాయణంలోనైతే, ఎవరి బిడ్డలని రాజు అడిగితే వాల్మీకి శిష్యులమని చెప్పండి అని ఆ మహర్షే నేర్పి పంపుతాడు.

ఇందులో మేము నెత్తిన పెట్టుకునేది ఒకటుంది, ఒప్పుకోలేనిది ఒకటుంది. నెత్తిన పెట్టుకునేది, తనను అడవికి పంపిన మనిషిని గురించి పిల్లల చెవిలో సీత విషం పొయ్యలేదన్నది. పోసే హక్కు ఆమెకు ఉన్నంతగా మరెవరికీ లేదు. మన ఇళ్ళల్లో ఈ నిగ్రహం ఎంత అరుదో, టెలిఫోను పెట్టెయ్యగానే "మీ నాన్న ఎప్పుడూ ఇంతే" అనే మాట ఎంత తేలిగ్గా వస్తుందో తెలిసినవారికి ఆమె గొప్పతనం తెలుస్తుంది. ఒప్పుకోలేనిది దాచడం. తండ్రి ఎవరో తెలియకుండా ఆయన కథను పాడించడం కవికి బాగుంటుంది, పిల్లవాడికి బాగుండదు. ఒకరోజున నిజం ఒక్కసారిగా మీద పడుతుంది. "నాన్న ఇండియా వెళ్ళాడు, పని అయ్యాక వస్తాడు" అని రెండేళ్ళు నెట్టుకొచ్చిన ఇల్లు మాకు తెలుసు. మొగుడు వదిలేశాడన్న మాట బయటపడుతుందన్న జంకే అక్కడ కారణం గాని, పిల్లవాడి మేలు కాదు. ఆ జంకును ఆమెకు అంటగట్టినవాళ్ళల్లో మన పొట్లక్‌లకు వచ్చేవారూ ఉన్నారనక తప్పదు.

కథ చివరిలో మరో సంగతి ఉంది. సీత వెళ్ళిపోతుంది, పిల్లలు తండ్రి దగ్గర మిగులుతారు. పన్నెండేళ్ళు తల్లి ఒడిలో, ఆశ్రమపు నేల మీద పడుకున్న పిల్లలు ఆ రాత్రి రాజభవనంలో ఎలా పడుకున్నారో ఎవరూ వ్రాయలేదు. నిండు సభ, భూమి చీలడం, పూలవాన వ్రాసి కవులు ఊరుకున్నారు. కథ కంచికి వెళ్ళేది అక్కడే. పిల్లల పెంపకం మొదలయ్యేదీ అక్కడే.

ఈ చదువు అంతటిలో మా మనస్సుకు ఎక్కువగా పట్టింది బభ్రువాహనుడి కథ. భారతంలో దీన్ని రెండు చోట్ల వెతుక్కోవాలి. మొదటిది ఆదిపర్వం. తీర్థయాత్రకు వచ్చిన అర్జునుడు మణిపూరంలో చిత్రాంగదను ఇమ్మని అడిగితే, ఆమె తండ్రి చిత్రవాహనుడు ఒక షరతు పెడతాడు. మా వంశంలో తరానికి ఒక్కరే సంతానం, నాకు కూతురు పుట్టింది, కనుక ఆమెకు పుట్టే కొడుకు మా ఇంటివాడు కావాలి అని. అర్జునుడు సరేనంటాడు, మూడేళ్ళు అక్కడే ఉంటాడు, వెళ్ళిపోతాడు. ఇవి విడాకులు కావు. కాని బిడ్డ ఎవరి దగ్గర పెరగాలో బిడ్డ పుట్టకముందే తేల్చుకున్న ఒప్పందమిది. ఇక్కడి కోర్టులు ఇప్పుడు ఏ పండుగ ఎవరి దగ్గర, వేసవిలో ఎన్ని వారాలు, విమానం టిక్కెట్టు ఎవరు కొనాలి అన్నంతవరకూ వ్రాయిస్తాయి. చిత్రవాహనుడి కాగితంలో ఆ వివరాలు లేవు. తండ్రి ఎప్పుడు వచ్చి చూడాలన్న మాటే లేదు.

రెండోది ఆశ్వమేధిక పర్వం. ఏళ్ళు గడిచిపోయాయి, యుద్ధం అయిపోయింది, ధర్మరాజు వదిలిన గుర్రం వెంట అర్జునుడు మణిపూరానికి వస్తాడు. కొడుకు రాజై ఉన్నాడు. తండ్రి వచ్చాడని విని, బ్రాహ్మణులను ముందు ఉంచుకుని, కానుకలతో, వినయంగా ఎదురు వెళతాడు. తండ్రి సంతోషించడు. ఆయుధం పట్టి వచ్చినవాడికి ఇలా మెత్తగా ఎదురొస్తావా, నువ్వేం క్షత్రియుడివి అని చీదరించుకుంటాడు. (మాటలు మావి, భావం భారతానిది.)

ఈ ఘట్టాన్ని క్షత్రియ ధర్మానికి ఉదాహరణగా చెప్పడం మామూలు. 1964లో వచ్చిన "బభ్రువాహన" సినిమా చూసినవాళ్ళకు ఆ తర్వాతి యుద్ధమే ఎక్కువ గుర్తుంటుంది. మాకు మాత్రం ఆ కానుకలు మోసుకొచ్చిన కొడుకు ముఖమే కనబడుతోంది. పెద్దవాళ్ళు వస్తే ఎదురు వెళ్ళాలి, చేతులు జోడించాలి అని అతనికి తల్లి నేర్పింది, తాత నేర్పాడు. నేర్పిన మర్యాద నేర్పినట్టే చేశాడు. పెంచని తండ్రికి అది పిరికితనంగా కనబడింది. కొడుకును తిట్టిన ఆ మాట నిజానికి చిత్రాంగదకు తగిలే మాట. ఏడాదికి రెండుసార్లు చూసే తండ్రి మొదటి అరగంటలోనే "తెలుగులో మాట్లాడవేం? ఇంత లావయ్యావేం? లెక్కల్లో ఈ మార్కులేమిటి?" అని వరస పెడితే ఆ పిల్లవాడు వినేదేమిటి? నిన్ను పెంచిన మనిషికి పెంచడం రాదు అన్నదొక్కటే వింటాడు. తండ్రులనే అన్నామని అనుకోవద్దు. దూరాన ఉద్యోగం చేసుకుంటూ బిడ్డను తండ్రి దగ్గర ఉంచిన తల్లులూ ఈ పరీక్ష పెడుతూనే ఉన్నారు. ఇప్పుడు చేతిలోని తెర మీద ముఖం కనబడుతుంది గనుక, వెనక ఉన్న గది సర్దలేదన్న తనిఖీ కూడా తోడైంది. ఏరోగ్రామ్‌ల రోజుల్లో ఆ ఒక్క బాధ ఉండేది కాదు.

తర్వాత కథ మీకు తెలుసు. నాగకన్య ఉలూపి వచ్చి కొడుకును యుద్ధానికి పురికొల్పుతుంది, కొడుకు బాణానికి తండ్రి పడిపోతాడు, చిత్రాంగద ఏడుస్తుంది, ఉలూపి తన మణితో అర్జునుణ్ణి లేపుతుంది. ఉలూపి ఆ పిల్లవాడికి సవతి తల్లి. ఆయనకేం కావాలో, ఈ పిల్లవాడికేం తెలియదో రెండూ ఎరిగి మధ్యలో నిలబడి కార్యం నడిపింది ఆమే. సవతి తల్లిని ఇంత మర్యాదగా చూపిన కథ మన దగ్గర ఇంకొకటి కావాలంటే తడుముకోవాలి.

తండ్రి లేచాక వ్యాసభారతంలో చిన్న సంభాషణ ఉంది. అది ఏ నాటకంలోనైనా ఉందో లేదో గాని, ఉండవలసింది. ఈ ఊరూ మీదే, ఒక్క రాత్రి మీ ఇంట్లో ఉండి, పొద్దున్నే గుర్రం వెంట వెళ్ళండి అని కొడుకు అడుగుతాడు. అర్జునుడు కుదరదంటాడు. దీక్షలో ఉన్నాను, గుర్రం ఎటు పోతే అటు పోవాలి, ఊళ్ళో నిలవడానికి లేదు అంటాడు. అబద్ధం కాదు, ప్రేమ లేకా కాదు. పని అలాటిది. మన వృత్తుల్లో ఉన్నవారికి ఈ జవాబు విడమర్చి చెప్పనక్కరలేదు. ఎవరి గుర్రం వారికుంది. కాని అర్జునుడు ఆ జవాబుతో ఊరుకోలేదు. యజ్ఞానికి ఇద్దరు తల్లులనూ తీసుకుని హస్తినాపురం రమ్మని పిలిచాడు. బభ్రువాహనుడు వెళ్ళాడు. అక్కడ కుంతి, ద్రౌపది, సుభద్ర వారిని ఆదరించారు. తండ్రి ఇవ్వలేకపోయిన ఒక్క రాత్రికి బదులుగా నాయనమ్మ ఇల్లు దొరికింది.

(ఘటోత్కచుణ్ణి మరిచారేమని అడగవచ్చు. అతనూ తల్లి హిడింబ దగ్గర పెరిగినవాడే. 1957 నాటి మాయాబజార్‌లో అతను పినతండ్రి కొడుకు పెళ్ళి కోసం అంత మాయా పన్నుతాడు. ఎవరో తెలియక ముందు ఆ తమ్ముడితోనే తలపడతాడు కూడా. అంత సినిమాలో తండ్రి భీముడు ఒక్కసారైనా కనబడడు. పాండవులెవరూ కనబడరనుకోండి. అది వేరే వ్యాసం.)

ఇక ఈ దేశపు కథ. 1979లో వచ్చిన "క్రేమర్ వర్సెస్ క్రేమర్" అయిదు ఆస్కార్లు తెచ్చుకుంది. ఏవరీ కోర్మన్ 1977లో వ్రాసిన నవల ఆధారం, రాబర్ట్ బెంటన్ దర్శకుడు. భార్య వెళ్ళిపోయిన మరునాటి పొద్దున్న డస్టిన్ హాఫ్‌మన్ కొడుక్కి ఫ్రెంచ్ టోస్ట్ చెయ్యబోయి వంటిల్లంతా పాడుచేసే దృశ్యాన్ని అందరూ చెప్పుకుంటారు. చివర్లో తండ్రీకొడుకులు అదే వంట మాట లేకుండా చేస్తారు, అదీ బాగుంది. కోర్టు దృశ్యాలు మాకు అంతగా పట్టలేదు. పట్టినవి రెండు చిన్న సంగతులు. దూరాన ఉన్న తల్లి వ్రాసిన ఉత్తరాన్ని తండ్రి చదివి వినిపిస్తుంటే, ఆ పిల్లవాడు టీవీ శబ్దం పెంచేస్తాడు. ఉత్తరం వ్రాసేవారెవరూ తమ ఉత్తరం అలా వినబడుతుందని అనుకోరు. రెండోది, ఇంట్లోంచి భార్య ఫోటోలన్నీ ఏరి తీసేసిన ఆ తండ్రికి, కొడుకు సొరుగులో దాచుకున్న తల్లి ఫోటో దొరుకుతుంది. ఏమీ అనకుండా దాన్ని పిల్లవాడి మంచం పక్కన పెడతాడు. కోపం ఇంకా తగ్గని మనిషి చేసిన పని అది. మా దృష్టిలో ఆ సినిమా మొత్తంలో తండ్రి చేసిన మంచిపని అదొక్కటే అయినా చాలును.

ఆ సినిమా కూడా కోర్టు గెలిచిన తల్లి, వాణ్ణి తీసుకుపోనని, చూసి వెళ్ళడానికి మేడ మీదికి వెళ్ళడంతో ఆగిపోతుంది. ఆ తర్వాతి ఆదివారాలను అదీ చూపలేదు. కాని కలిపెయ్యలేదు. అదే వరసలో 1995లో హిందీలో వచ్చిన "అకేలే హమ్ అకేలే తుమ్" భార్యాభర్తలను కలిపేసింది. మన ప్రేక్షకుడు భవభూతి నాటినుంచీ మారలేదన్నమాట. చట్టాలు మాత్రం మారాయి. ఎవరి తప్పూ రుజువు చెయ్యనక్కరలేని విడాకులు కాలిఫోర్నియాలో 1970లో వచ్చాయి, న్యూయార్కులో 2010లో. ఇద్దరూ ఒప్పుకుంటే చాలునన్న 13-బి సెక్షను హిందూ వివాహ చట్టంలో 1976లో చేరింది. పిల్లల్ని దేశం దాటించే తగాదాలకు 1980లో కుదిరిన హేగ్ ఒడంబడికలో మాత్రం ఇండియా చేరలేదు. అంచేత, సెలవులకు ఇండియా పంపితే మళ్ళీ వస్తారో రారో అన్న భయం మన ఇళ్ళల్లో అమ్మమ్మల దగ్గరకూ తాతయ్యల దగ్గరకూ వెళ్ళే దారినే మూసేస్తోంది.

తాతల మాట వచ్చింది గనుక, తెలుగులో ఒక్క చిత్రం పేరు చెప్పాలి. అదే 1979లో బాలచందర్ గారు తీసిన "ఇది కథ కాదు". తమిళ "అవర్గళ్"కు తెలుగు రూపం. జయసుధ, చిరంజీవి, కమల్ హాసన్, శరత్‌బాబు నటించారు. క్రూరుడైన భర్త నుంచి విడాకులు తీసుకున్న స్త్రీ కథ. భర్తను అంత దుర్మార్గుడిగా చూపడంతో, దూరాన ఉన్న తండ్రికి బిడ్డపై ఏ మాత్రం హక్కు ఉంటుందన్న ప్రశ్నే ఆ చిత్రంలో పుట్టదు. అది లోటే. కాని ఆ దుర్మార్గుడి తల్లి కొడుకును కాదని, మాజీ కోడలి ఇంట్లో ఆయాగా చేరి మనవణ్ణి చూసుకుంటుంది. చివర కోడలు ఊరు విడిచి వెళుతుంటే ఆమె వెంటే వెళుతుంది. విడాకుల కాగితం మీద ఆ ముసలామె పేరు లేదు. కనుక ఆమెకు అది వర్తించలేదు.

మేము చదివినంతలో, ఇక్కడి మన కథకులు ఊళ్ళో ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రుల గురించి బోలెడు వ్రాశారు. కొడుకు విడాకుల వల్ల మనవరాలు దూరమైన నాయనమ్మ గురించి మాత్రం మాకు ఒక్క కథా దొరకలేదు. ఏ గుంటూరులోనో ఉన్న ఆమె పిల్ల పుట్టినరోజుకు ఫోను చెయ్యాలంటే మాజీ కోడలి నంబరే తిప్పాలి. ముందు కోడలితో ఏం మాట్లాడాలి? "బాగున్నావా అమ్మా" అనవచ్చునా? కొడుక్కి తెలిస్తే ఏమంటాడు? ఇక్కడ పొద్దున్న తొమ్మిదికి అక్కడ సాయంత్రం ఆరున్నరో ఏడున్నరో. ఆమె సంధ్యదీపం పెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని, కాగితం మీద వ్రాసుకున్న అంకెలు చూస్తూ కూర్చుని ఉంటుంది. ఫోను ఎత్తిన ఆ కోడలు ఏమన్నదో మనలో ఎవరైనా వ్రాస్తే, పుటలు ఎన్నైనా సరే, వచ్చే సంచికలో వేస్తాం.